వేలికి అలవాటైన దారి

మూడేళ్ల కిందటి మాట. చెరుకు బళ్లు గోవాడ ఫ్యాక్టరీకి వరసకట్టే రోజులు. చోడవరం బస్టాండులో అనకాపల్లి బస్సు కోసం నిలబడి ఉంటే జేబులో ఫోన్ మోగింది. మోతను బట్టి మా అమ్మాయని తెలిసింది. తీసి, బొటనవేలితో కింద మధ్యలో నొక్కాను. అక్కడ బటన్ లేదు, నున్నటి గాజు తగిలింది. ఆ ఫోన్ కొని మూడు రోజులే అయింది. పాత ఫోన్లో సరిగ్గా అక్కడ కాస్త ఉబ్బెత్తుగా ఒక బటన్ ఉండేది. దాన్ని నొక్కితే కాల్ ఎత్తేలా ఎప్పుడో సెట్టింగు పెట్టుకున్నాను. అయిదేళ్లు నా బొటనవేలు ఆ ఒక్క చోటునే నమ్ముకుంది. హారన్ల మధ్య ఫోన్ ఏం చెబుతోందో వినబడలేదు. కంగారులో పక్క బటన్ నొక్కితే మోత ఆగిపోయింది. మళ్లీ మోగింది, మళ్లీ అంతే. నాలుగోసారికి పక్కనున్న కుర్రాడు "ఏటి మాస్టారూ, ఫోనెత్తడం లేదేటి?" అంటూ అందుకుని, కాల్ కలిపి నా చెవి దగ్గర పెట్టాడు. అమ్మాయి గొంతులో ఏడుపు. రోడ్డు మీద నాకేదో అయిపోయిందని అనుకుంది.

నాకు పుట్టుకతో చూపు లేదు. పాతికేళ్లుగా ఈ ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. పేపరు చదివి వినిపించేది, బ్యాంకులో ఎంత ఉందో చెప్పేది, చేతిలో నోటు వందదో అయిదొందలదో తేల్చేది ఇప్పుడు ఫోనే. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న 'మణి' అనే యాప్ తెచ్చింది. 2025 జనవరి నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ సేవలు 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోకి వచ్చాయి. సర్టిఫికెట్ కోసం ఆఫీసు మెట్లు ఎక్కేవాళ్లకు ఇది ఎంత మేలో నాకు తెలుసు. అయితే పనులన్నీ ఆ గాజు పలక మీదికే వచ్చి చేరినప్పుడు, దాని మీద దారి మారితే అన్ని పనులూ ఒక్కసారే ఆగిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో చూపు లోపం ఉన్నవాళ్లుగా నమోదైనవారు దేశంలో 50 లక్షల పైచిలుకు. బటన్లు పోతూ, వేలి సైగలు మారుతూ ఉంటే ఇంతమందీ ఎలా సర్దుకుంటున్నారు, ఎక్కడ సర్దుకోలేకపోతున్నారు, ఎంతవరకు సర్దుకోవాలి అన్నదే ఇక్కడ విషయం.

బటన్ల ఫోన్‌తో మొదలుపెట్టాలి, ఎందుకంటే మా తరం చేతులు అక్కడ తయారయ్యాయి. చిన్న ఫోన్లో 5 అంకె మీద ఒక చుక్క ఉంటుంది. చూపున్నవాళ్లు చాలామంది దాన్ని గమనించనే గమనించరు. ఆ చుక్క దొరికితే మిగతా తొమ్మిది అంకెలూ దొరికినట్టే: పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. నోకియా సింబియన్ ఫోన్లకు 'టాక్స్', 'మొబైల్ స్పీక్' అనే మాట్లాడే సాఫ్ట్‌వేర్లు విడిగా కొనుక్కుని వేసుకునేవాళ్లం. ఏ అంకె ఎన్నిసార్లు నొక్కితే ఏ అక్షరం వస్తుందో వేళ్లకు కంఠతా వచ్చేసింది. నడుస్తూ, జేబులోంచి తీయకుండానే మెసేజ్ రాసిన రోజులున్నాయి. ఆపదలో సాయం కోసం ప్రతి ఫోన్లోనూ ఒక మీట ఉండాలని కేంద్రం 2016లో నిబంధన తెచ్చినప్పుడు, బటన్ల ఫోన్లకు 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవాలని పెట్టింది. ఆ నిబంధన రాసినవాళ్లు మమ్మల్ని తలుచుకున్నారో లేదో గాని, చీకట్లో ఎవరికైనా చప్పున దొరికే చోటు ఆ చుక్కే. తర్వాత 4జీ వచ్చింది, చవక డేటా వచ్చింది. ఆ పాత సింబియన్ ఫోన్లు 4జీ ఎరగవు. ఇష్టమున్నా లేకున్నా అందరం టచ్ ఫోన్లోకి దిగాం.

2007లో ఐఫోన్ వచ్చినప్పుడు చూపు లేనివాళ్లకు కలిగిన భయం సహజమైనదే. తడిమితే ఏమీ తగలని ఫోన్‌ను తడిమి బతికేవాడు ఏం చేసుకోవాలి? జవాబు 2009 జూన్‌లో ఐఫోన్ 3జీఎస్‌తో, దానిలోనే ఉచితంగా వచ్చిన, తెరను చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌తో దొరికింది. కిటుకు చిన్నది, ఫలితం మాత్రం చాలా పెద్దది. ఒక వేలితో తాకితే ఆ చోట ఏముందో చదువుతుంది, పని మాత్రం జరగదు. రెండుసార్లు తడితేనే పని జరుగుతుంది. కుడికి తోస్తే తర్వాతి వస్తువు, ఎడమకు తోస్తే వెనకటిది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 1.6లో అలాంటిదే టాక్‌బ్యాక్ వచ్చింది గాని, గాజు మీద వేలు జరుపుతూ వినే సదుపాయం 2011లో ఆండ్రాయిడ్ 4.0 దాకా, తోసే సైగలు 2012లో 4.1 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ ఆండ్రాయిడ్ పని వెనక ఉన్నవారిలో టి.వి.రామన్ ఒకరు. పుణెలో పుట్టి, పద్నాలుగేళ్లకు చూపు పూర్తిగా పోగొట్టుకుని, గూగుల్‌లో శాస్త్రవేత్త అయిన మనిషి. చార్లెస్ చెన్‌తో కలిసి ఆ తొలిరోజుల్లో ఆయన చేసిన ఒక డయలర్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. గాజు మీద అంకెలు ఎక్కడున్నాయో వెతకడం కష్టం కదా. అందుకని ఆయన అంకెలకు స్థిరమైన చోటు లేకుండా చేశాడు. నీ వేలు గాజు మీద మొదట ఎక్కడ ఆనితే అదే 5. అక్కణ్ణుంచి పైకి జరిపితే 2, కిందికి జరిపితే 8. మా చిన్న ఫోన్ మీది చుక్క వేలి కిందికి నడిచొచ్చింది! బటన్ల గురించీ సైగల గురించీ నేను ఎన్ని చదివినా, విన్నా ఈ ఒక్క ఆలోచనకే మళ్లీ మళ్లీ వస్తాను. చూడలేని మనిషి వెతుక్కుంటూ పోవాలా, వస్తువే వేలి దగ్గరికి రావాలా? రామన్ రెండోది సాధ్యమని చేసి చూపించాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి మార్పునూ నేను ఈ గీటురాయి మీదే గీసి చూస్తాను.

సైగల్లో వచ్చిన మార్పులన్నీ ఒక కోవకు చెందినవి కావు. కొత్త సైగ వచ్చి చేరడం వేరు, పాత సైగకు అర్థం మారిపోవడం వేరు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన టాక్‌బ్యాక్ 9.1లో ఈ రెండూ ఉన్నాయి. అంతకుముందు మెనూలు తెరవాలంటే వేలిని పైకి తోసి ఆగకుండా కుడికి తిప్పాలి, లేదా కిందికి తోసి కుడికి తిప్పాలి. ఒక్కో మలుపుకు ఒక్కో మెనూ. వేగం కాస్త తగ్గినా, మలుపు కాస్త వంకర పోయినా ఫోన్ దాన్ని రెండు వేర్వేరు తోపులుగా అర్థం చేసుకుని ఎక్కడికో పోయేది. వయసు మళ్లాక చూపు పోయినవాళ్లకు ఈ మలుపు నేర్పడానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. 9.1లో రెండు మెనూలూ ఒకటయ్యాయి. ఆండ్రాయిడ్ 11, ఆపై ఫోన్లలో మూడు వేళ్లతో ఒక్కసారి తడితే చాలు, మెనూ వస్తుంది. రెండు వేళ్లతో ఒకసారి తడితే మాట ఆగుతుంది. రెండు వేళ్లతో రెండుసార్లు తడితే కాల్ ఎత్తుతుంది, పాట ఆగుతుంది. వేళ్లు గాజు మీద ఎక్కడున్నా ఫరవాలేదు. ఇది రామన్ దారిలోని మార్పు. బస్టాండులో ఆ రోజు నాకీ రెండు వేళ్ల తట్టు తెలిసి ఉంటే మా అమ్మాయి ఏడ్చేది కాదు. ఫోన్లో అది ఉంది. ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు.

కాని అదే వెర్షన్‌లో ఒక పాత సైగ అర్థం మారింది. ముందు వేలిని పైకో కిందికో తోస్తే ఎలా చదవాలో మారేది: అక్షరం అక్షరమా, పదం పదమా, లైనా అని. ఎంచుకున్నాక కుడి ఎడమలకు తోస్తూ చదువుకునేవాళ్లం. కొత్తదానిలో పైకీ కిందికీ తోయడమే చదువుకుంటూ సాగడం అయింది. ఎలా చదవాలో ఎంచుకోవడానికి మూడు వేళ్లతో పక్కకు తోయాలి, లేదా ఒక వేలితో పైకి తోసి అదే ఊపులో కిందికి దించాలి. ఆలోచించి చూస్తే కొత్త పద్ధతే తిన్ననైనది. అయినా ఏళ్ల తరబడి ఒకలా తోసిన వేలు ఒక పొద్దున్న అదే తోపు తోస్తే వేరే పని జరిగింది. అదే నంబరు బస్సెక్కితే వేరే ఊళ్లో దింపినట్టు. ఖాళీ చోట కొత్త అలవాటు కుదురుకోవడానికి నాకు రెండు రోజులు పడితే, పాత అలవాటు చెరిపి అదే చోట కొత్తది పెట్టడానికి నెల పట్టింది. తయారుచేసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోరన్నది నా ప్రధానమైన ఫిర్యాదు. కొత్త సైగలు ఎన్నైనా తెండి, నేర్చుకుంటాం. పాత సైగకు అర్థం మార్చేటప్పుడు మాత్రం పదిసార్లు ఆలోచించండి.

ఎక్కువ వేళ్ల సైగల్లోనూ చిక్కులున్నాయి, దాచిపెట్టడం ధర్మం కాదు. ముదిరిన షుగరుతో వేళ్లు మొద్దుబారినవాళ్లుంటారు. వాళ్ల మూడు వేళ్లూ ఒకేసారి గాజుకు ఆనవు. మరో సంగతి పౌచ్. ఆండ్రాయిడ్ 10, అంటే 2019 నుంచి, తెర అడుగున ఉండే మూడు బటన్ల బదులు అంచు నుంచి తోసే పద్ధతి వ్యాపించింది. టాక్‌బ్యాక్ వాడేవాళ్లు రెండు వేళ్లతో అడుగు అంచు నుంచి పైకి తోస్తే హోమ్, అలాగే తోసి ఆపితే ఇటీవల వాడిన యాప్‌లు. మేం ఫోన్ కింద పడుతుందని భయపడి మందపాటి పౌచ్ వేస్తాం. దాని గట్టు అంచు కన్నా పైకి లేచి ఉంటుంది. రెండు వేళ్లూ ఆ గట్టు ఎక్కి కూర్చుంటాయే గాని అంచును తాకవు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ వారం రోజులు తన చేతిదే తప్పనుకుంది. పౌచ్ ఊడదీసి ఇస్తే మొదటిసారికే హోమ్ వచ్చింది. చాలా ఫోన్లలో సెట్టింగుల్లోకి పోయి మూడు బటన్ల పద్ధతిని తిరిగి తెచ్చుకోవచ్చు. ఎవరేమనుకున్నా మొదటిసారి టచ్ ఫోన్ పట్టే పెద్దవాళ్లకు నేను అదే పెట్టి ఇస్తాను.

ఇక అసలు బటన్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ నష్టం నిజమైనది. ఐఫోన్ హోమ్ బటన్ చూపు లేనివాడికి నడిసముద్రంలో లంగరు లాంటిది. ఎక్కడ తప్పిపోయినా నొక్కితే ఇంటికి వచ్చేవాడు. 2017లో ఐఫోన్ 10తో అది పోయింది. దాని బదులు కింది అంచు నుంచి ఒక వేలు నెమ్మదిగా పైకి జరపాలి. ఫోన్ ఒకసారి అదిరినప్పుడు వదిలితే హోమ్. ఇంకా పైకి పోయి రెండోసారి అదిరాక వదిలితే తెరిచి ఉన్న యాప్‌లు. ఆ అదురు ఉండబట్టి సరిపోయింది. చెయ్యి చేసిన పనికి చేతితోనే జవాబు చెప్పడం మంచి పద్ధతి. ముఖం చూసి తెరుచుకునే ఫేస్ ఐడీ విషయంలోనూ ముందుచూపు కనిపించింది: కళ్లు ఫోన్ వైపు చూడాలన్న షరతు, వాయిస్‌ఓవర్‌తో సెట్ చేసుకునేవాళ్లకు మొదటే తొలగి ఉంటుంది. హోమ్ బటన్ ఉన్న ఆఖరి ఐఫోన్ ఎస్ఈ అమ్మకం కూడా 2025లో ఆగిపోయింది.

మన దేశంలో ఐఫోన్ వాడేవాళ్లు తెలుసుకోవాల్సిన చిక్కు ఒకటుంది. పక్క బటన్ మూడుసార్లు గబగబా నొక్కితే వాయిస్‌ఓవర్ మొదలయ్యేలా, ఆగేలా పెట్టుకోవచ్చు. ప్రపంచమంతా చూపు లేనివాళ్లకు ఇది మొదటి పాఠం. మన దేశపు ఆపద మీట నిబంధన ప్రకారం ఇక్కడ అదే మూడు నొక్కుళ్లు అత్యవసర కాల్‌కు పోతాయి. ఆ వాయిస్‌ఓవర్ షార్ట్‌కట్ పెట్టుకున్నవాళ్లకు ఇక్కడ అత్యవసర కాల్ అయిదు నొక్కుళ్లకు మారుతుంది. సెట్ చేయకముందు నొక్కినవాడు మాట వినబడుతుందని ఎదురుచూస్తే పోలీసుల గొంతు వినబడొచ్చు.

మోత, మౌనం మార్చే చిన్న మీట సంగతి నన్ను మరీ బాధించింది. ఐఫోన్ ఎడమ పక్కన ఉండే ఆ మీటను గోటితో తడిమితే, ముందుకుందా వెనక్కుందా అన్నదాన్ని బట్టి ఫోన్ మోగుతుందో లేదో తెలిసిపోయేది. జేబులో చెయ్యి పెట్టి, ఎవరినీ అడక్కుండా, ఫోన్‌ను లేపకుండా! 2023లో ఐఫోన్ 15 ప్రోతో దాని చోట యాక్షన్ బటన్ వచ్చింది. దానికి ఎన్నో పనులు అప్పజెప్పొచ్చు, నొక్కి పట్టుకుంటే అదిరి చెబుతుంది. కాని ఊరికే తాకితే ఏమీ చెప్పదు. తన స్థితిని తనే చెప్పగల మీట ఒకటి పోయి, అడిగితేనే చెప్పే బటన్ వచ్చింది. చూపున్నవాళ్లకు తెర మీద గుర్తు కనబడుతుంది కాబట్టి ఇందులో పోయిందేమీ లేదు. పాఠం మధ్యలో ఫోన్ మోగకుండా చూసుకోవాల్సిన నాలాంటివాడికి పోయింది.

పవర్ బటన్ కథ ఇంకోటి. గట్టిగా పట్టుకుంటే స్విచ్ఛాఫ్ అడుగుతుందని ప్రతివాడికీ తెలుసు. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక చాలా ఫోన్లలో అలా పట్టుకుంటే అసిస్టెంట్ పలుకుతుంది. స్విచ్ఛాఫ్ కావాలంటే పవర్‌తో పాటు వాల్యూమ్ పెంచే బటన్ కూడా నొక్కాలి. శాంసంగ్ వాళ్లు 2019లోనే గెలాక్సీ నోట్ 10తో ఇలాంటి మార్పు మొదలుపెట్టారు. మాకు స్విచ్ఛాఫ్ ఎందుకంత ముఖ్యమంటే, ఫోన్ మాట ఆగిపోయినప్పుడు మిగిలిన ఆఖరి దారి అదే. చూపున్నవాళ్లకు తెర ఉంది, మాకు మాట పోతే ఫోన్ ఇటుకతో సమానం. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లకు ముందు రెండే నేర్పుతాను. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు పట్టుకుంటే టాక్‌బ్యాక్ మొదలవుతుంది, ఆగుతుంది. ఆ షార్ట్‌కట్ ముందే పెట్టి ఉండాలి. రెండోది, ఈ ఫోన్ ఎలా ఆరిపోతుంది, ఎలా లేస్తుంది. కాల్ చేయడం ఆ తర్వాతే.

వేలిముద్ర సంగతికి వస్తే ఇంట్లోనే ఒక ఉపాయం దొరికింది. ఇదివరకు ఫోన్ వెనక చిన్న గుంట ఉండేది, చూపుడువేలు దానంతటదే వెళ్లి అందులో ఒదిగేది. ఇప్పుడు చాలా ఫోన్లలో వేలిముద్ర గాజు కిందికి పోయింది. ఎక్కడ పెట్టాలో తెలియదు, కొన్నిసార్లు తప్పితే పిన్ అడుగుతుంది. నలుగురిలో పిన్ కొట్టడం మాకు ఇష్టముండదు. మా ఆవిడ ఒక రోజు తన బొట్టుబిళ్ల తీసి స్క్రీన్ గార్డ్ మీద అంటించింది. వేలిముద్ర పెట్టే చోట అంటిస్తే అడ్డం వస్తుంది కనుక ఒక గోరు వెడల్పు కిందికి. బిళ్ల తగలగానే వేలిని కొంచెం పైకి జరిపితే తెరుచుకుంటుంది. బిళ్ల నెలకోసారి అరిగి ఊడిపోతుంది, ఇంకోటి అంటిస్తాం. లక్షలమంది కొనే ఫోన్‌కు ఒక చిన్న బుడిపె పెట్టడం కంపెనీకి ఎంత ఖర్చు? ఆ బుడిపె విలువ తెలిసినవాళ్లు డిజైన్ బల్ల దగ్గర లేరు, అదీ సంగతి.

బటన్లూ సైగలూ అలాగే ఉన్నా, యాప్ లోపలి అమరిక మారితే అది కూడా దారి మారడమే. 2025 ఆగస్టులో గూగుల్ ఫోన్ యాప్ కొత్త రూపంలోకి మారింది. మన దేశంలో ఎన్నో కంపెనీల ఫోన్లలో కాల్స్‌కు ఉండేది ఆ యాపే. చాలామంది తామేమీ అప్‌డేట్ చేయలేదని, పొద్దున్న లేచేసరికి మారి ఉందని ఆశ్చర్యపోయారు. ఇష్టమైన నంబర్లు, ఇటీవలి కాల్స్ ఒకే పేజీలో కలిశాయి, కాంటాక్టులు లోపలి మెనూలోకి పోయాయి. కాల్ ఎత్తడానికి పక్కకు తోయడమో, ఒకసారి తట్టడమో ఎంచుకోవచ్చు. చూపున్నవాళ్లు రెండు రోజులు గొణిగి సర్దుకున్నారు. 'కింద కుడి మూల కాంటాక్ట్స్' అని వేలికి నేర్పుకున్నవాడికి మాత్రం ఆ మూలలో వేరేది పలికింది.

అవే రోజుల్లో మా ఊళ్లో వినాయక చవితి పందిళ్లు లేస్తున్నాయి. స్వయంభూ విఘ్నేశ్వరుడి ఊరు కదా, చోడవరంలో ఆ సందడి ఎక్కువ. నేను రోజూ నడిచే వీధిలో రాటలు పాతుతారు, తాళ్లు కడతారు. నా కర్ర తెలియని చోట తగులుతుంది. కాని పాతిన రోజే పక్కింటాయన "మాస్టారూ, రేపట్నుంచి ఎడమ పక్కన నడవండి, పందిరేసేరు" అని కేకేసి చెబుతాడు. నిమజ్జనం అయ్యాక రాటలు పీకేశామనీ చెబుతాడు. మార్పు వస్తుందని తెలుసు, ఎక్కడ వచ్చిందో చెప్పే మనిషి ఉన్నాడు, ఎప్పుడు పోతుందో తెలుసు. ఫోన్ మార్పులో ఈ మూడూ ఉండవు. కొత్త రూపం తెరుచుకున్న మొదటిసారి 'ఇది మారింది, పాత చోట ఉన్నది ఇక్కడికి వచ్చింది' అని రెండు వాక్యాలు చదివి వినిపిస్తే ఎంత బాగుండును! మార్పుల జాబితా ఇంగ్లిషులో ఎక్కడో రాసి పెడితే మా వీధికి చేరదు.

సర్దుకోవడానికి మేం చేసేవి కొన్ని చెబుతాను. టాక్‌బ్యాక్ సెట్టింగుల్లో సైగలు సాధన చేసే చోటు ఉంది. అక్కడ ఏ సైగ చేసినా పని జరగదు, పేరు మాత్రం చెబుతుంది. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ నడుస్తుండగా నాలుగు వేళ్లతో రెండుసార్లు తడితే అలాంటి సాధనే మొదలవుతుంది. రెండింటిలోనూ ఏ సైగకు ఏ పని అన్నది మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఐఫోన్‌లో ఈ వీలు 2019లో ఐఓఎస్ 13తో వచ్చింది. కొందరు ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేస్తారు. నేను అలా ఆపమని చెప్పను, బ్యాంకు యాప్‌లున్న ఫోన్‌కు భద్రత ముఖ్యం. ఆదివారం అప్‌డేట్ వేసుకోమంటాను. సోమవారానికి చెయ్యి కాస్త అలవాటు పడుతుంది.

నేర్పే చోట పెద్ద అడ్డంకి భాష. పాఠాలన్నీ 'ఎల్ ఆకారంలో గీయండి', 'జెడ్ ఆకారంలో రుద్దండి' అంటాయి. అచ్చు అక్షరం ఎప్పుడూ చూడనివాడికి ఎల్ అంటే ఏమిటి? బ్రెయిలీలో ఎల్ అంటే 1, 2, 3 చుక్కలు, నిలువుగా ఒకే గీత. మన 'ల'కూ భారతి బ్రెయిలీలో అవే చుక్కలు. అందులో మలుపే లేదు! బ్రెయిలీ వచ్చినవాడు ఎల్ గీయమంటే నిలువుగా గీసి, ఫోన్ పాడైందంటాడు. నేను మొదట్లో ఇలాగే గీశాను. ఇప్పుడు నేర్పేటప్పుడు అక్షరం పేరే ఎత్తను. "కిందికి తోసి, వేలెత్తకుండా, అన్నం తినే చేతి వైపు తిప్పు" అంటాను. ఫోన్ తెలుగులో 'సంజ్ఞ' అని పలికేదాన్ని మేం 'స్వైప్ కొట్టడం', 'తట్టడం', 'తోయడం' అంటాం. తెలుగు గొంతులు ఫోన్లలో ఉన్నాయి, గూగుల్‌దీ ఉంది, ఈస్పీక్‌దీ ఉంది. గొంతు ఉంటే చాలదు, చెప్పే పద్ధతి కూడా తెలుగు చేతికి తెలిసినదై ఉండాలి. ఇంకో మాట. విశాఖలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల చూపు తిరిగిరాని వారికి పునరావాస సేవలున్నాయి. చోడవరం నుంచి దాదాపు 50 కిలోమీటర్లు, తోడు మనిషి, ఒక రోజు కూలి. ఒకసారి వెళ్లొస్తారు. ఆర్నెల్లకు ఫోన్ మారినప్పుడు మళ్లీ వెళ్లలేరు. మండలానికి ఒక్కరు, చూపు లేని ఒక్క మనిషికే జీతమిచ్చి ఈ పని అప్పజెబితే, సచివాలయంలో ఒక కుర్చీ చాలు.

చట్టం మా వైపే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ సమాచార సాంకేతికత అందరికీ అందాలంటుంది. 43వది, వాడుక వస్తువులు అందరూ వాడగలిగేలా తయారయ్యేందుకు ప్రభుత్వం పూనుకోవాలంటుంది. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 17802 అనే ప్రమాణాన్నీ ఇచ్చింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టమైతే పాటించే సూచనలు చాలవు, తప్పనిసరి నియమాలు రాయండని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్ల మీద తీర్పిస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కెమెరా ముందు కన్ను ఆర్పమనే కేవైసీ మీద వచ్చిన తీర్పు అది. ఇవి గొప్ప గెలుపులు, నేను వాటిని తక్కువ చేయను. కాని ఇవన్నీ వస్తువు ఈ రోజు అందుబాటులో ఉందా అని అడుగుతాయి. నిన్న అందినది ఈ రోజు చోటు మారితే ముందే చెప్పాలని, పాత దారిని కొంతకాలమైనా తెరిచి ఉంచాలని కూడా నియమాల్లో రాయాలి. నేను అడిగేది అంతే. తవ్విన రోడ్డు పక్కన 'దారి మళ్లించబడినది' అని బోర్డు పెట్టడం మనకు తెలియనిది కాదు.

శనివారం సాయంత్రాలు మా అరుగు మీద ఇద్దరో ముగ్గురో చేరతారు. ఈమధ్య వస్తున్నవారిలో ఒక పెద్దాయన నీటికాసులతో చూపు పోగొట్టుకున్నారు. ముప్పై ఏళ్లు చెరుకు నరికిన చేతులు, వేళ్ల చివర్లు గరుకుగా కాయలు కాసి ఉంటాయి. గాజుకు ఆ తోలు ఒక్కోసారి తగిలినట్టే తెలియదు. మనవడు కొనిచ్చిన టచ్ ఫోన్ పట్టుకొస్తారు, చిన్న ఫోన్ కూడా లుంగీ మడతలో ఉంటుంది. కాల్ వస్తే ఇప్పటికీ చిన్నదే తీస్తారు. ఒక శనివారం నా ఫోన్ నుంచి ఆయనకు కాల్ చేసి, ఆయన చెయ్యి పట్టుకుని రెండు వేళ్లు కలిపి గాజు మీద రెండుసార్లు తట్టించాను. మోత ఆగింది. "ఆగిపోనాదేటి?" అన్నారు. ఆగలేదు తాతా, ఎత్తారు, మాట్లాడండి అన్నాను. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని "అలో" అన్నారు. పక్కనే కూర్చున్న నేను నా ఫోన్లో ఆ గొంతు విన్నాను. కాల్ పెట్టేసి, ఆయన తన వేళ్లను లుంగీ అంచుకు తుడుచుకుని మళ్లీ చాపారు.

"ఇంకోపాలి సెయ్యండి మాస్టారూ. ఈపాలి సెయ్యి పట్టుకోకండి."